ఆ ఫోన్ లాక్ నాకు తెలుసు

ఒక అబద్ధాన్ని నాలుగేళ్లుగా మోస్తున్నాను. పెద్దదేం కాదు. ఒక్క వాక్యం. మా పనిలో తరచూ చెప్పే మామూలు వాక్యమే. ఎవరికి చెప్పినా అది నిజం. ఒక్క మనిషికి చెప్పినప్పుడు మాత్రం అబద్ధం. ఆ మనిషి ఇప్పటికీ నెలనెలా నా షాపుకి వస్తారు. నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంటారు. మా పాపకి దోరజామకాయ తెచ్చి చేతిలో పెడతారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. క్షమించమని అడగడానికి కాదు ఇది. ముందే చెప్తున్నాను, ఆ రోజు చేసినదాంట్లో సగం అవసరమొస్తే మళ్లీ చేస్తాను, ఎవరు అడ్డొచ్చినా చేస్తాను. రెండో సగం ఉంది. దాని దగ్గరికి రావడానికి కొంచెం సేపు పడుతుంది. పాప పక్కనే పడుకుంది. కదిలినప్పుడల్లా ఆపి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి, మళ్లీ రాస్తున్నాను. మూడేళ్లు నిండిన పిల్లకి అలా చూడక్కర్లేదని అందరూ అంటారు. నేను చూస్తాను.

నాది సెల్‌ఫోన్ రిపేర్ షాపు. కడియం చుట్టుపక్కల, నర్సరీల మధ్య రోడ్డు మీద ఉంటుంది. ఇంతకంటే ఆనవాలు ఇవ్వను. మొదట్లో అది మా ఆయన షాపు. రీఛార్జులు, కవర్లు, ఇయర్‌ఫోన్లు. పాడైన ఫోన్ ఎవరైనా తెస్తే రాజమండ్రి పంపేవారు. ఎలక్ట్రానిక్స్‌తో బీఎస్సీ పాసై ఇంట్లో కూర్చున్న నేను, ఒకసారి అలా పంపబోతున్న ఫోన్ తీసుకుని చూశాను. ఛార్జింగ్ పిన్నులో మట్టి. అంతే. సూదితో తీస్తే ఛార్జింగ్ ఎక్కింది. ఇంత మట్టి కోసం ఫోన్లు గోదావరి గట్టుదాకా ప్రయాణం చేసి వస్తున్నాయా అని నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది.

రాజమండ్రిలో కోర్సులో చేరడానికి వెళ్తే బెంచీల నిండా కుర్రాళ్లే. అక్కడి సారు, తమ్ముణ్ణి చేర్చడానికి వచ్చారా అమ్మా అని అడిగారు. నేనేనండి అన్నాను. వెనక ఎవరో నవ్వారు. కోర్సు అయ్యేసరికి ఆ నవ్వినవాళ్లు అతికించలేని కనెక్టర్లు నేను అతికించాను. గొప్ప కోసం చెప్పడం లేదు. కాదు, గొప్ప కోసమే చెప్తున్నాను. ఎందుకు చెప్పుకోకూడదు?

నర్సరీల ఊళ్లో ఫోన్లు నీళ్లతోనే పోతాయి. మొక్కలకి పైపు పట్టిన చేత్తోనే ఫోన్ పట్టుకుంటారు. బోర్డు విప్పి, కడిగి, తుప్పు బ్రష్షుతో తీసి, ఆరబెట్టి, మళ్లీ ప్రాణం పోయడం నాకు అలవాటైంది. కానీ షాపు నిలబడింది అందువల్ల కాదు. ఆడవాళ్ల వల్ల. మగవాళ్ల షాపులో ఫోన్ వదిలి వెళ్లాలంటే వాళ్లకి భయం. లోపల ఫొటోలుంటాయి, మాటలుంటాయి. నువ్వే చూస్తావా, ఇంకెవరి చేతికీ ఇవ్వవు గదా అని అడిగేవారు. స్క్రీన్ మార్చాక టచ్ సరిగా ఉందో లేదో చూడటానికి లాక్ కావాలి. కాలేజీ అమ్మాయిలు పైకి చెప్పకుండా కౌంటర్ అద్దం మీద వేలితో గీసి చూపించేవారు. నేను ఎక్కడా రాసుకునేదాన్ని కాదు. గ్యాలరీ తెరిచేదాన్ని కాదు. నా షాపుకి ఉన్న పేరంతా ఆ నమ్మకమే.

ఆవిడని రత్నం గారు అంటాను. అసలు పేరు కాదు. వాళ్లకి చిన్న నర్సరీ ఉంది. కూతురు రాజమండ్రిలో డిగ్రీ చివరి సంవత్సరం చదివేది. ఒకసారి స్క్రీన్ పగిలితే నేనే మార్చాను. తన లాక్ అద్దం మీద గీసింది, కొడవలి లాంటి గీత. గుర్తుపెట్టుకోవాలని కాదు, గుర్తుండిపోయింది. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆ పిల్లకి బంధువుల్లో సంబంధం ఖాయం చేశారని, పరీక్షలు కూడా రాయనివ్వరట అని విన్నాను. ఇంకొన్నాళ్లకి, ఇంట్లోంచి వెళ్లిపోయిందని విన్నాను. ఫోన్ మంచం మీదే వదిలేసి వెళ్లింది.

ఆ ఫోన్ పట్టుకుని ముగ్గురు వచ్చారు. రత్నం గారు, ఆవిడ భర్త, మరిది. అప్పటికి నాకు ఐదో నెల. కొమ్మలు కత్తిరించే కత్తెర భర్త చేతిలోనే ఉంది. పని మధ్యలోంచి లేచి వచ్చాడేమో. అయి ఉండొచ్చు. దాన్ని తెరుస్తూ మూస్తూ బెంచీ మీద కూర్చున్నాడు. మాటంతా మరిదిదే.

"లాక్ తియ్యమ్మా. ఎవడితో పోయిందో, ఎక్కడుందో అందులోనే ఉంటది. రాజమండ్రి పోదామంటే మా వదినే నీ దగ్గరికి లాక్కొచ్చింది."

"లోపల మిషన్ మీద పెట్టి చూస్తానండి."

షాపులో అడ్డంగా కట్టిన తెర వెనక్కి వెళ్లాను. మళ్లీ బయటికి వచ్చేసరికి నా చేతిలో ఉన్నది ఖాళీ ఫోన్. కొత్తగా కొన్నప్పుడు ఎలా ఉంటుందో అలా.

"తీశానండి. కానీ లాక్ తీస్తే లోపలిదంతా పోతుంది. ఏ షాపులోనైనా అంతే."

ఇదే ఆ వాక్యం. లాక్ తెలియని ఫోన్‌కి ఇది నూటికి నూరుపాళ్లు నిజం. ఏ మెకానిక్‌ని అడిగినా ఇదే చెప్తాడు. కానీ ఆ ఫోన్ లాక్ నాకు తెలుసు.

మరిది కౌంటర్ మీద చరిచాడు. "చదువుకున్నదానివి, ఇన్ని మిషన్లు పెట్టావు. చెప్పకుండానే చెరిపేస్తావా? ఇదేనా నీ పనితనం?"

రత్నం గారు అతని చెయ్యి పట్టుకుని ఆపారు. "ఊరుకో బాబూ. ఆ పిల్లేం చేస్తుంది? ఫోన్లంటే అంతే గదా." తర్వాత నావైపు తిరిగి, మెల్లగా అడిగారు. "ఏమీ లేదా అమ్మా? ఒక్క ముక్కయినా?"

"ఏమీ లేదండి."

వెళ్లిపోయారు. పరువు పోతుందని పోలీసుల దగ్గరికి కూడా వెళ్లలేదు. ఆ పిల్ల జాడ వాళ్లకి దొరకలేదు. ఆ వార్త మాత్రం కాలేజీ బస్సుల్లో తిరిగింది. ఆ షాపు అక్క ఎవరు అడిగినా ఏమీ బయటపెట్టదట అని. నేను ఎవరితోనూ అనలేదు, అయినా పిల్లలకి తెలిసిపోతుంది. అప్పటినుంచి ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో ఫోన్లు తెచ్చారు. మంచి మైక్రోస్కోప్ కొన్నాను. పక్క గది కూడా అద్దెకి తీసుకున్నాను. ఇద్దరు అమ్మాయిలకి పని నేర్పి పెట్టుకున్నాను. మా ఆయన ఇప్పుడు నవ్వుతూ, నేను మా ఆవిడ షాపులో కవర్లు అమ్ముకుంటానండి అని చెప్తారు.

రత్నం గారు నెలకోసారి తన ఫోన్ తెస్తారు. చిన్న బటన్ ఫోన్.

"అమ్మాయ్, ఇది మోగుద్దో లేదో ఒక్కసారి చూడు. ఫోన్లేం రావట్లేదు."

నా ఫోన్ నుంచి చేస్తాను. మోగుతుంది. బయటి ఊళ్ల నుంచి చేసినా మోగుద్దా అంటారు. ఎక్కడి నుంచి చేసినా మోగుతుందండి అంటాను. చీరకొంగుతో ఫోన్ తుడుచుకుని, రొంటిన దోపుకుని వెళ్తారు. ఆవిడ దగ్గర నేనెప్పుడూ డబ్బులు తీసుకోలేదు. తీసుకోకపోతే ఏమైనా తగ్గుతుందా?

ఇక్కడిదాకా చదివి మీరు నన్ను మెచ్చుకుంటూ ఉండొచ్చు. ఒక ఆడపిల్లని కాపాడింది కదా అని. అలా అనుకోవాలనే అలా రాశాను. నాకు నేను నాలుగేళ్లుగా ఇలాగే చెప్పుకుంటున్నాను. ఒక్కటి వదిలేసి. ఇప్పుడు దాన్ని కూడా రాస్తాను.

తెర వెనక కొడవలి గీత గీశాను. ఫోన్ తెరుచుకుంది. స్క్రీన్ మీద అన్నీ తీసేసి ఉన్నాయి. వాయిస్ రికార్డర్ ఒక్కటే ఉంది. అందులో ఒకే రికార్డింగ్, దాని పేరు 'అక్కకి'. ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను.

"అక్కా, నా ఫోన్ ఎప్పుడు తెరవాల్సొచ్చినా నీ దగ్గరికే తెమ్మని అమ్మతో చెప్పాను. నీకు లాక్ తెలుసు గదా. ఇది అమ్మకొక్కదానికే వినిపించు. అమ్మా, నేను ఎవరితోనూ వెళ్లట్లేదు. ఉద్యోగం దొరికింది, వెళ్తున్నాను." ఊరు పేరు చెప్పింది. హాస్టల్ పేరు చెప్పింది. స్నేహితురాలి నంబరు రెండుసార్లు చెప్పింది. "నేను నీకు చెయ్యను, నీ ఫోన్ నాన్న చూస్తాడు. వీలు చూసుకుని నువ్వే చెయ్యి. నువ్వు చెయ్యకపోతే నీకు కూడా నా మీద కోపమేననుకుంటాను. అప్పుడింక రానమ్మా."

విన్నాను. చెరిపేశాను.

కత్తెర పట్టుకున్న మనిషి చేతికి ఆ ఫోన్ తెరిచి ఇవ్వలేదు. ఇవ్వను కూడా. రేపు ఇంకో తండ్రి వచ్చినా ఇవ్వను. దానికి నేను ఎవరి ముందూ తలదించుకోను. కానీ ఆ రికార్డింగ్ నా ఫోన్‌లోకి పంపుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఆ నంబరు ఒక చీటీ మీద రాసుకోవడానికి? తర్వాత ఎప్పుడో ఆవిడ ఒంటరిగా వచ్చినప్పుడు తెర వెనక్కి పిలిచి వినిపించడానికి? ఆ పని రోజూ చేసేదాన్ని, నాకు తెలియక కాదు. నా దగ్గర ఏదైనా ఉంటే ఎప్పుడో ఒకరోజు బయటపడుతుందని, అప్పుడు ఆ మనుషులు నా షాపు మీదికి వస్తారని, అద్దాలు పగులుతాయని, కడుపులో బిడ్డ ఉందని భయపడ్డాను. నా దగ్గర ఏమీ లేకపోతే నేనేమీ దాచినట్టు కాదు అనుకున్నాను. తండ్రికి దొరక్కుండా చెరిపింది ఆ పిల్ల కోసం. తల్లికి చేరాల్సింది చెరిపింది నా కోసం.

నంబరు నిజంగానే మరిచిపోయాను. ఊరి పేరు మరిచిపోలేదు. హాస్టల్ పేరు కూడా. కూతురు అక్కడ తల్లి ఫోన్ కోసం చూసి చూసి ఉంటుంది. తల్లి ఇక్కడ రింగు పనిచేస్తుందో లేదో చూడమని నా దగ్గరికి వస్తోంది. అవతలి మనిషికి తన మీద కోపమని ఇద్దరూ అనుకుంటున్నారు. ఇద్దరి మధ్యా ఉన్నది నేను.

ఇప్పుడైనా చెప్పొచ్చు గదా అంటారు మీరు. నాకు తెలుసండి. మొదట్లో ఆవిడ భర్త పక్కన ఉన్నాడని చెప్పలేదు. తర్వాత పాప పుట్టిందని చెప్పలేదు. ఇప్పుడు, ఇన్నాళ్లు ఎందుకు దాచావని ఆవిడ అడుగుతారని చెప్పడం లేదు. దీనికి మంచి పేరేదీ లేదు, నేను వెతకను కూడా.

మొన్న వచ్చినప్పుడు పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగారు. "నువ్వూ తల్లివయ్యావు గదా, చెప్పు. పిల్లలు అమ్మ నంబరు మర్చిపోతారా?"

"మర్చిపోరండి," అన్నాను.

ఇన్నేళ్లలో ఆ పిల్ల గురించి ఆవిడకి నేను చెప్పిన నిజం అదొక్కటే. చెప్పాక చేస్తున్న ఫోన్ పక్కన పెట్టేశాను.

ఇదంతా రాశాక నేను మంచిదాన్నైపోలేదు. రేపు షాపు తెరుస్తాను. ఆవిడ వస్తే ఏం చేస్తానో నాకు తెలియదు, తెలుసని మీకు అబద్ధం చెప్పను. కానీ ఆ పిల్ల మాటలు ఇంతకాలం నా ఒక్కదాని చెవిలోనే ఉన్నాయి. ఇప్పుడు మీరూ విన్నారు. ఇక నేను చెరిపేద్దామన్నా చెరగవు.