లాప్‌టాప్ మీద కొసరు

మా బాపు దుకాణం బొంబాయి దగ్గర మన నేతవాళ్లుండే పద్మనగర్‌లో రెండు మగ్గాల షెడ్ల మధ్య ఇరుక్కుని ఉండేది. తువ్వాళ్లు, లుంగీలు, రవికె గుడ్డలు అమ్మేవాడు. రెండు పక్కలా మగ్గాలు మోగుతుంటే ధర చెప్పాలన్నా, తగ్గించమనాలన్నా అరవాల్సిందే. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. పెళ్లిచూపుల్లో నేను "టీ తీస్కోండ్రి" అంటే మా ఆయన ఉలిక్కిపడి సగం చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

ఆ మోతలో బేరానికి ఒక పద్ధతి ఉండేది. ధర కుదరకపోతే కొనేవాడు లేచి వెళ్లిపోవాలి, కానీ మెల్లగా వెళ్లాలి. దుకాణదారు వెనక్కి పిలిస్తే ఆ పిలుపు మగ్గాల చప్పుడు దాటి చెవిన పడాలి కదా. గబగబా నడిచినవాడు నిజంగానే పోయినట్టు లెక్క. అలా లేచి వెళ్లినవాడు పిలవకుండా తిరిగొస్తే ఇక వాడి పరువు వాడిది కాదు.

సరుకు కొనడానికి బొంబాయి హోల్‌సేల్ బజారుకు వెళ్లేటప్పుడు బాపు నన్నూ తమ్ముణ్నీ వెంట తీసుకెళ్లేవాడు. మమ్మల్ని ఊరు చూపించడానికని అమ్మ అనుకునేది. ధర కుదరక బాపు చెవి గోక్కోగానే నేను ఆయన చొక్కా పట్టి గుంజాలి, తమ్ముడు ఏడవాలి. పిల్లలు ఆగడం లేదని సేఠ్‌కు హిందీలో చెప్పి బాపు లేచేవాడు. ముగ్గురం పెళ్లి ఊరేగింపులా నడిచేవాళ్లం. మెట్లు దిగేలోపే వెనక నుంచి పిలుపు వచ్చేది. తమ్ముడి ఏడుపు ఎంత బాగా కుదిరేదంటే, ఓసారి ఆ సేఠ్ జాలిపడి వాడి చేతిలో పిప్పరమెంట్లు పోశాడు. వాడు ఠక్కున ఏడుపు ఆపేశాడు. ఆ రోజు బేరం చెడింది.

మూట కట్టి, డబ్బు చేతులు మారాక కూడా బాపు కదిలేవాడు కాదు. గల్లాపెట్టె మీద అరచేయి ఆనించి, ఏమీ అడగకుండా, తల కొంచెం వాల్చి నవ్వుతూ నిలబడేవాడు. చివరికి సేఠ్ విసుక్కుని ఒక చేతిరుమాలు మా మీదకు విసిరేవాడు. అది కొసరు. ఆ రుమాలు కోసం రైల్లో నేనూ తమ్ముడూ జుట్లు పట్టుకునేవాళ్లం.

బాపు పోయి చాలా ఏళ్లయింది. దుకాణం ఉన్నచోట ఇప్పుడు మొబైల్ రిపేరు షాపు. తమ్ముడు దుబాయిలో ఒక గోదాములో పనిచేస్తాడు.

ఈమధ్య మా అమ్మాయి కంప్యూటర్ మీద బట్టల డిజైన్లు గీయడం నేర్చుకుంది. కాల్హేర్‌లో ఒక ఆఫీసువాళ్లు సోమవారం నుంచి రమ్మన్నారు. కాకపోతే లాప్‌టాప్ తనదే తెచ్చుకోవాలి, లేదంటే ఇంకొకరిని చూసుకుంటామన్నారు. ఇంట్లో ఉన్న పాతది ఒక పువ్వు గీస్తే రేకు రేకుకూ ఆగి ఆలోచించేది. ఆ పనికి పనికొచ్చే రకం ధర ఇక్కడ అడిగితే నా గొంతు కూడా మెల్లబడింది. దుబాయిలో అదే చాలా చౌక. తమ్ముడు శనివారం సెలవు మీద వస్తున్నాడు. పైదేశం నుంచి వచ్చే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు తమతో ఒక లాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని నలుగురిని అడిగి తెలుసుకున్నాను. తమ్ముడికి సొంతది లేదు. అన్నీ కలిసొచ్చాయి, నేను నోరు తెరిచేదాకా.

శుక్రవారం మధ్యాహ్నం తమ్ముడు దుకాణంలోంచి వీడియో కాల్ చేశాడు.

"అక్కా, గిదే. ఒక్కటే పీస్ ఉన్నదట. తీస్కోవాల్నా?"

"ఆగు. భావ్ ఎంత చెప్తున్నడు?"

"చెప్పుడేంది? చీటీ మీదనే రాసున్నది."

"అది ఆయన రాసుకున్నది. ఫోన్ ఆయనకియ్యి."

"అక్కా, ఇది పద్మనగర్ కాదే. ఏసీ షాపు. ఇజ్జత్ పోతది."

"నీ ఇజ్జత్ సంగతి నేను చూస్కుంట. ఇయ్యి."

నెరిసిన మీసాల మలయాళీ ఆయన తెర మీదకు వచ్చాడు. పాత మోడల్ అన్నాను, డబ్బా మూల నొక్కుకుందన్నాను. డబ్బా నాకు కనిపిస్తే కదా! ఆయన ఫోన్‌ను చెవికి దూరంగా పట్టుకుని, మెల్లగా చెప్పినా వినిపిస్తుంది దీదీ, మా దగ్గర ఒకటే ధర అని హిందీలో మర్యాదగా అన్నాడు.

ఫోన్ మళ్లీ తమ్ముడి చేతికి రాగానే నేను చెవి గోక్కున్నాను.

వాడూ నలభై దాటిన మనిషి, మీసంలో తెల్ల వెంట్రుకలు. ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత మలయాళీ ఆయన వైపు తిరిగి, పిల్లలు ఆగడం లేదని హిందీలో చెప్పి బయలుదేరాడు. అక్కడ పిల్లలెవరూ లేరు.

ఫోన్‌లో నున్నటి నేల, వాడి బూట్లు కనబడుతున్నాయి. మెల్లగా నడుస్తున్నాడు. అడుగు చప్పుడు తప్ప ఏమీ లేదు. అంత నిశ్శబ్దంలో గుసగుసగా పిలిచినా వినబడేది. ఎవరూ పిలవలేదు. అద్దాల తలుపు తనంతట తనే తెరుచుకుని, తనంతట తనే మూసుకుంది.

"ఇంకా మెల్లగ నడవకపోతివిరా!"

"ఇంకెంత మెల్లగ? తలుపు కాడి సెక్యూరిటీ ఆయన కాలు నొస్తున్నదా అని అడిగిండు."

ఇద్దరం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాం. నా పక్కన కూర్చున్న మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. చున్నీ అంచు మడతలు పెడుతూ, "అమ్మా, ఒక్కటే పీస్ అన్నడు కదా మామ?" అంది.

అంతలో తమ్ముడి గొంతు మారింది. "అక్కా, లోపల ఎవరో దాన్నే చూస్తున్నరు."

"ఉరుకు! లోపలికి ఉరుకు! ఎంతంటే అంత ఇయ్యి!"

పిలవని దుకాణంలోకి తిరిగి పొమ్మని మా ఇంట్లో ఎవరైనా అనడం అదే మొదటిసారి. కాల్ తెగిపోయింది. సాయంత్రందాకా వాడు ఫోన్ ఎత్తలేదు. చీకటి పడ్డాక "దొరికింది" అని ఒక్క మాట మెసేజ్ వచ్చింది. మా అమ్మాయి అది చదివి అప్పుడు అన్నం తిన్నది.

మర్నాడు విమానాశ్రయానికి వెళ్లాను. కస్టమ్స్‌వాళ్లు పేచీ పెడితే ఏం మాట్లాడాలో దారిపొడవునా టాక్సీలో సాధన చేశాను. తమ్ముడు బండి తోసుకుంటూ తీరిగ్గా బయటికొచ్చాడు.

"ఆపిండ్రా?"

"ఏమున్నదన్నరు. లాప్‌టాప్ అన్న. ఒక్కటేనా అన్నరు. ఒక్కటే అన్న. పొమ్మన్నరు."

అంతేనా! నా మాటలన్నీ దండగైపోయాయి.

ఇంట్లో డబ్బా విప్పితే మీటల మీద ఇంగ్లీషు అక్షరాల పక్కన అరబ్బీ అక్షరాలు కూడా ఉన్నాయి.

"గీ ముచ్చట ముందే చెప్తే దీని పేరు మీద ఎంతో కొంత తగ్గించకపోదునా!" అన్నాను.

"గందుకే చెప్పలే," అన్నాడు తమ్ముడు. జేబులోంచి ఒక చిన్న మౌస్ తీసి మా అమ్మాయి చేతిలో పెట్టాడు. "చీటీ మీద ఉన్నదంత ఇచ్చిన. బిల్లు తీస్కున్న. మల్ల కదల్లే."

"ఏమన్నవ్?"

"ఏమనలే. ఇట్ల నిల్చున్న."

ఫ్రిజ్ మీద అరచేయి ఆనించి, తల కొంచెం వాల్చి, నవ్వుతూ నిలబడి చూపించాడు. ఆ వయసులో బాపుకీ అలాగే కొంచెం పొట్ట ఉండేది. తాతను ఎన్నడూ చూడని మా అమ్మాయి పకపకా నవ్వింది. నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లాను.

ఆ మౌస్ మలయాళీ ఆయన ఇచ్చాడో, తమ్ముడే వేరేచోట కొని తెచ్చాడో నాకు తెలియదు. రెండు ప్రశ్నలు వేస్తే బయటపడేది. దుకాణాల మధ్య పెరిగినదాన్ని, ఆ రెండూ ఏవో నాకు తెలుసు. అడగలేదు. సోమవారం పొద్దున మా అమ్మాయి దాన్ని లాప్‌టాప్‌తో పాటు సంచిలో వేసుకుని కాల్హేర్ షేర్ ఆటో ఎక్కింది. "జాగ్రత్త!" అని నేను అరిస్తే ముందున్న ఆటోలు రెండు ఆగాయి.