నా పెళ్ళిలో చావు దరువు

తొంభైల్లో, మండుటెండల్లో, ఆత్మకూరు చర్చిలో నా పెళ్ళి జరిగింది. ఉదయగిరి నుంచి వచ్చిన బ్యాండు మేళంలో డ్రమ్ము మా పెదనాయనది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా వైపు పెళ్ళికైనా, చావుకైనా వాయించింది ఆయనే. ఆరోజు కూడా పొద్దున కొండాపురంలో ఒక సమాధి కార్యక్రమం ముగించి, అన్నమైనా తినకుండా బస్సెక్కి వచ్చాడు.

ఊరేగింపు సగం దారిలో ఉండగా ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. చేతులు మాత్రం ఆగలేదు. ఉన్నట్టుండి చావు దరువు మొదలైంది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒక ముసలాయన తలగుడ్డ తీసేశాడు.

“ఏందయ్యా ఇది, పెళ్ళా, చావా?” అని మా అత్త అరిచింది.

పెదనాయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. కానీ వాయించడం ఆపలేదు. ఆ నిదానపు దెబ్బల మధ్య ఒక్కో చిన్న దెబ్బ ఇరికించాడు. చూస్తుండగానే అది చిందు దరువైంది. ఆ ముసలాయనే తలగుడ్డ గాల్లో తిప్పుతూ ఎగిరాడు.

ఇంటి దగ్గర పెదనాయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. “పొద్దున ఒకరిని పూడ్చిపెట్టి వచ్చినాను పాపా. చేతులకింకా పెళ్ళని తెలీలా” అన్నాడు.

కిందటేడు ఆయన పోయాడు. మేళంవాళ్ళు అదే చావు దరువు వాయించారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆ చిన్న దెబ్బ వినబడుతుందేమోనని సమాధుల దాకా చెవి ఒగ్గి నడిచాను.