మొదటి తాంబూలం ఎవరికి

మొన్న శ్రావణ శుక్రవారం, చింతామణి ఊళ్లోని మా పుట్టింట్లో మా తమ్ముడి కూతురు లాప్‌టాప్ ముందేసుకుని గోళ్లు కొరుకుతోంది. "అత్తా, వీటిల్లో ఏది పెద్దో పోల్చలేనంటాండాది ఇది" అంది. తెర నిండా ఎర్ర గీతలు. చూడగానే నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది.

ఎనభైల చివర నాకు బెంగళూరులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. ఇంకా పర్మనెంట్ కాలేదు. ఏ రకం సరుకునైనా చిన్న నుంచి పెద్దకు సర్దే ప్రోగ్రాం ఒకటి రాయమన్నారు. అంకెలిస్తే బుద్ధిగా సర్దింది. పట్టుగూళ్ల రాశి అని నేను సొంతంగా ఒక రకం తయారుచేసి ఇచ్చానో లేదో, దీంట్లో చిన్నా పెద్దా నాకు తెలియవని, రాసింది చదివి తప్పులు పట్టే కంపైలర్ మొండికేసింది. వారమంతా కామాలూ సెమికోలన్లూ వెతికాను. తప్పు అక్కడుంటే కదా! సోమవారానికి నడవకపోతే ఇంటికే అన్నాడు పైఅధికారి. నాన్నకు చెబితే, "పోతే పోనీమ్మా, మన అంగడి ఉండాది, వచ్చి కూచో" అని ఓదార్చాడు. ఆ ఓదార్పుకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆ భయంతోనే వరలక్ష్మీ వ్రతానికి ఇంటికొచ్చాను. అవ్వ తాంబూలాల పళ్లెం నా చేతికిచ్చి, "పెద్దోళ్లతో మొదలుపెట్టు" అంది. తల నెరిసిన మేనత్తకు మొదట ఇచ్చాను. పక్కనే అవ్వ ఆఖరి చెల్లెలు. వయసులో మేనత్త కన్నా చిన్నదే గానీ, వరసకు ఆమెకు పిన్నమ్మ, నాకు చిన్నవ్వ. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, "నేను యాడ కూచోవాల్నో చెప్పమ్మా, ఆడికే పోతా" అని లేచింది. అవ్వ ఆమెను బతిమాలి కూర్చోబెట్టి నా వైపు తిరిగింది. "వయసు కాదే, వరస చూడల్ల!"

"నాకెవురూ చెప్పలేదు గదవ్వా" అన్నాను ఏడుపు గొంతుతో.

అన్నాక గానీ తట్టలేదు, కంపైలర్ వారంగా నాతో మొరపెట్టుకుంటున్నదీ ఇదేనని. రాశుల్లో పెద్దదంటే బరువు చూడాలా, నాణ్యం చూడాలా, నేను చెప్పనే లేదు. సోమవారం పొద్దున్నే బరువు చూడమని చిన్న ఫంక్షన్ రాసి జతచేశాను. కంపైలర్ మారు మాట్లాడలేదు. ఉద్యోగం నిలిచింది. చిన్నవ్వ మాత్రం చాలాకాలం ముభావంగానే ఉండింది.

"ఏది పెద్దో దానికి నువ్వు చెప్పినావా?" అని మొన్న అడిగాను మా తమ్ముడి కూతుర్ని. నాలుక కరుచుకుని ఏదో రాసింది. ఎర్ర గీతలు పోయాయి. సాయంత్రం తాంబూలాలకు అవ్వ నాటి అదే పళ్లెం పట్టుకుని, ఎవరినీ అడక్కుండా, నేరుగా నా దగ్గరికి వచ్చింది. వయసు చూసినా, వరస చూసినా ఇప్పుడు ఆ ఇంట్లో పెద్దదాన్ని నేనే. చెయ్యి చాచబోయి ఆగిపోయాను. నాకన్నా ముందు తీసుకోవాల్సిన వాళ్లందరినీ కాలం ఒక్కొక్కరిగా లేపి తీసుకుపోయింది.