ఊఫరుకు డైరెక్ట్ కరెంటు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా మా బోరు ఎండిపోవాలని ఒట్టు పెట్టి మొదలుపెడుతున్నాను. అది ఎండి రెండేళ్లయిందన్నది వేరే సంగతి.

తెలంగాణ వచ్చిన కొత్తలో, కట్టంగూరులోని మా ఇంట్లో, నేనొక పెట్టెను చంపాను. తలచుకుంటే ఇప్పటికీ నడుము లాగుతుంది. ఆ రోజంతా టీవీ వెనక వంగే ఉన్నాను మరి.

మా నాయినకు చెవులు పోయాయి. మాట వినబడదు కానీ పీర్ల పండుగ డప్పు పక్కన నిలబడితే దెబ్బ రొమ్ములో తగిలేది. ఆ ఏడాది మోకాళ్లూ మొరాయించాయి. మంచంతో మోసుకుపోతామని సైగ చేస్తే, "గప్పుడే నన్ను పాడెక్కిస్తవా?" అన్నాడు. సరే, డప్పు ఫోన్లో పట్టుకొచ్చి ఇంట్లోనే మోగిస్తానని రొమ్ము చరిచి మాటిచ్చాను. ఆయన పొద్దున్నే గడ్డం గీయించుకుని, తెల్ల ధోతి కట్టుకుని, మంచం మీద పెళ్లికొడుకులా కూర్చున్నాడు.

టీవీ పక్కన పెట్టి స్పీకర్లు మోగించే రిసీవర్ నల్లగొండలో పాతది కొన్నాను. దానికి డప్పు అదురు పలికించే పెద్ద స్పీకరు, అదే ఊఫర్, లేదు. పాత సామాన్ల దుకాణంలో నీళ్ల గోలెమంత ఊఫర్ ఒకటి దొరికింది. వెనక ఎర్ర బిగింపు ఒకటి, నల్ల బిగింపు ఒకటి, అంతే. కరెంటు వైరే లేదు. కరెంటు తినని ఊఫర్ కదా అని మురిసిపోయి భుజాన వేసుకొచ్చాను.

రిసీవర్‌లో ఊఫర్ రంధ్రానికి ఒక కొస, బిగింపులకు ఇంకో కొస తగిలించి ఫోన్లో పట్టిన డప్పు పెట్టాను. చప్పుడు లేదు. వైరు మార్చాను, రిమోట్‌లో ఉన్న మీటలన్నీ నొక్కాను. చెవి ఆనిస్తే చీమ గొణిగినట్టు ఏదో ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, రిసీవర్ కరుణించినా ఊఫర్ కరుణించలేదు. చేతకానయ్యకు వైర్లెక్కువ అన్నారు. అనకపోతే ఇప్పుడు నేనంటున్నాను.

గంటకోసారి నాయిన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "ఇంక కొడ్తలేరా?" అని అడిగేవాడు. జర ఆగమని నేను చెయ్యి ఊపేవాడిని. మా ఆవిడ వంటింట్లోంచి, "గా డబ్బకు పానం లేదు, నీకు పని లేదు" అని ఒకే మాటలో ఇద్దరి రోగమూ చెప్పేసింది.

మధ్యాహ్నానికి నా చిన్ననాటి దోస్తు, బోరు మోటార్లు బాగుచేసే యాదగిరిని పిలిచాను. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మోటర్ తిరగకపోతె ఏం జేస్తం? స్టార్టర్ తప్పిచ్చి డైరెక్ట్ గొడ్తం. గిదీ గంతే."

మా దిక్కు రైతుకు తెలిసిన పెద్ద వైద్యం అదే. సగం మోటార్లు దాంతోనే లేచాయి. మిగతా సగం కాలిపోయాయి.

మిక్సీ వైరు కోసి, ఎరుపుకొకటి, నలుపుకొకటి చుట్టి, ప్లగ్గు గోడకు పెట్టి స్విచ్ వేశాను.

ఢమ్మని ఒక్కటే దెబ్బ. ఇంటి పెంకులు లేచి మళ్లీ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. ఊఫర్ లోంచి పొగ వచ్చింది, ఫ్యూజు పోయింది, మా ఆవిడ మిక్సీ వైరు ముందే పోయింది.

నాయిన ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఇనవడ్డది బిడ్డా."

కాసేపు చూశాడు. ఇంకో దెబ్బ పడలేదు.

"ఒక్క దెబ్బకు పీర్లు లేస్తయా? మంచం లేపున్రి, పోదం."

లేపాం. పీర్ల కొట్టం దాకా మోసుకుపోయి డప్పుల మధ్య దింపాం. చీకటి పడేదాకా నాయిన రొమ్ము మీంచి చెయ్యి తీయలేదు.

ఆ పెట్టె లోపల ఆంప్లిఫయర్ ఉండదట. రిసీవర్ రంధ్రం నుంచి వచ్చేది గుసగుస మాత్రమేనట. దాన్ని అరుపుగా మార్చడానికి నడుమ ఒక ఆంప్లిఫయర్ కావాలట. కాబట్టి, కడుపులో ఏముందో తెలియని ఏ పెట్టెకూ ఇకమీద ఇంటి కరెంటు తినిపించనని అగ్ని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అగ్ని అక్కడే ఉంది, అంతా చూసింది.

ఇక ఒట్టు సంగతి. పెంకులు నిజం, పొగ నిజం. యాదగిరి డైరెక్ట్ కొట్టమన్నాడన్నది మాత్రం నా కల్పన. వాడు ఆ రోజే, "నడుమ ఆంప్లిఫయర్ గావాలె, దానిల కరెంట్ పెట్టకురా" అన్నాడు. టెస్టర్ తెమ్మని వాడిని ఇంటికి పంపి, స్విచ్ వేసింది నేనే.