దయ్యానికి పెట్టిన కూర

చచ్చిపోయిన ఒక ముసలమ్మ కోసం పెట్టిన భోజనాన్ని వారం వారం తినేసి, పైగా కూరకు వంక పెట్టిన ఘనుణ్ణి నేను. ఆ ఘోరం చెబుతాను, నవ్వుకోండి. నా ఎదుట మాత్రం కాస్త ఆపుకోండి.

రాచర్లలో గొర్రెలకు టీకాలు వేసే ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులవి. గొర్రె మేత మానేస్తే ఊరంతా నన్ను వెతికేది. గొర్రె లేచి నిలబడితే నేనెవరో ఎవరికీ గుర్తుండేది కాదు. సాయంత్రం అద్దెగదికి చేరానంటే మళ్ళీ తెల్లారేదాకా నాతో మాట్లాడే ప్రాణి లేదు. అమ్మకు ఫోన్ చేస్తే "తిన్నావా?" అనేది, "తిన్నా" అనేవాణ్ణి, మాటలు అయిపోయేవి. అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను.

అందుకే ఫోన్లో ఒక దయ్యాల ఆట పెట్టుకున్నాను. పాత బంగళాలో ఒక ముసలి దయ్యం ఉంటుంది. కనబడిన ప్రతి వస్తువునూ వేలితో నొక్కి చూసి, ఆమెకేం కావాలో కనిపెట్టి ఇవ్వాలి. తప్పు వస్తువు ఇస్తే మీద పడుతుంది, అప్పుడు చీపురుతో తలపడాలి. దయ్యమైతేనేం, నన్ను చూడగానే పలకరించేది ఆమె ఒక్కతే. నేనూ గట్టిగానే మాట్లాడేవాణ్ణి.

"ఏం గావాల అవ్వా? ఆకలయితాందా? నోరు తెరిచి చెప్పు!"

ఇంటి ఓనరు మంగమ్మక్క వంటగది నా గోడకు అవతలే. నా గదిలో అంతకుముందు ఆమె అత్త ఉండేదనీ, అక్కడే పోయిందనీ నాకెవరూ చెప్పలేదు. చెబితే అద్దెకు దిగుతానా?

ఒక ఆదివారం సాయంత్రం నా కిటికీలో మూతపెట్టిన పళ్ళెం కనబడింది. జొన్నరొట్టెలు, వేటకూర, పక్కన వక్కాకు. ఈ ఊళ్ళో నన్ను తలుచుకున్న మనిషి ఒకరున్నారన్నమాట! కడుపుకంటే ముందు గుండె నిండింది. వక్కాకు నాకు అలవాటు లేదు. అయినా వదిలేస్తే అక్క నొచ్చుకుంటుందని నమిలి, కిటికీలోంచి ఎర్రగా ఉమ్మాను.

ఆమె అత్త కూడా వక్కాకు నమిలి ఆ కిటికీలోంచే ఉమ్మేదట. పొద్దున ఆ మరక చూసి మంగమ్మక్క దండం పెట్టుకుందట. ఆ తర్వాత ప్రతి ఆదివారం పళ్ళెం వచ్చింది, నేను ఊడ్చిపెట్టాను.

ఒక ఆదివారం ఆమె గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"తమ్ముడూ, కూర ఎట్లుందంట?"

ఇంత ప్రేమగా పెట్టే మనిషి దగ్గర మొహమాటమెందుకు అనుకున్నాను.

"బాగుందక్కా. కారమే రవంత తక్కువైంది."

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఆమే! మా అత్తే! నేనేం వండినా ఇదే మాట! ఆఖర్న యాటకూర అడిగింది తమ్ముడూ. డాక్టరు వద్దన్నాడని నేను పెట్టలే. అట్లనే మూతి తిప్పుకోని పోయింది. నీతో మాట్లాడతాంది గదా, నా మీద కోపం పోయిందేమో అడుగు."

వక్కాకు నములుతున్న నా దవడ ఆగిపోయింది. కోపం పోయిందని చెబితే ఆమె మనసు కుదుటపడుతుంది, నా పళ్ళెమూ నాకుంటుంది. కానీ ఆ మొహం చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాను. ఫోన్ ఆమె ముందుకు చాపాను. నా అదృష్టం కొద్దీ సరిగ్గా అప్పుడే దయ్యం మీదపడింది, ఆటలోని నా వీరుడు చీపురు తిరగేశాడు.

"ముసిలామెను చీపురుతో కొడతాండావా!"

"ఇది ఆట అక్కా! ఇన్నాళ్ళూ నేను మాట్లాడింది ఈ అవ్వతోనే. ఇంకెవరూ లేక..."

"అయితే కూర తిన్నింది?"

"నేనే."

"వక్కాకు?"

నోరు తెరిచి చూపించాను.

ఆమె ఖాళీ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. ఆ వారమంతా గోడ అవతల గిన్నెల చప్పుడే తప్ప మాట వినబడలేదు. నాకు ఆట తెరవబుద్ధి కాలేదు. ఉన్న ఒక్క మనిషినీ పోగొట్టుకున్నానని దిగులేసింది.

ఆదివారం వచ్చింది. కిటికీ ఖాళీ. బన్ను తిని పడుకుందామనుకుంటుంటే మంగమ్మక్క పళ్ళెంతో లోపలికే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆమె అడిగినప్పుడు పెట్టలేకపోతి. నువ్వు అడగకముందే పెడతాండా. ఇది నీకే. నా ముందర తిను."

మొదటి ముద్దకే చెవుల్లోంచి పొగలొచ్చాయి. ఇంట్లో ఉన్న మిరప్పొడంతా ఆ కూరలోనే ఉంది.

"కారం సరిపాయెనా తమ్ముడూ?"

"సరిపోయిందక్కా," అన్నాను చెంబెడు నీళ్ళు తాగి.

ఆ అన్నం సాక్షిగా నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: బతికున్నవాళ్ళకు పెట్టిందైనా, చచ్చినవాళ్ళకు పెట్టిందైనా, ఇక ఈ జన్మలో ఎవరి కూరలోనూ కారం తక్కువైందని అనను గాక అనను.