పర్చూరులో మోగాల్సిన సైరన్

రిటైరయ్యే ముందు నా చివరి పోస్టింగు అద్దంకి దగ్గరి ఒక కోల్డ్ స్టోరేజీలో, ప్లాంట్ ఇంజనీరుగా. మిర్చి నిల్వ చేసే చాంబర్లను చల్లబరిచే అమ్మోనియా కంప్రెసర్లు, ఆ గ్యాస్ లీకయితే కూయాల్సిన సైరన్ నా బాధ్యత. నేను చేరిన వేసవిలోనే, అద్దంకి, పర్చూరు ప్లాంట్లు రెండింటినీ గుంటూరులో కూర్చునే చూసుకోవాలని మా హెడ్డాఫీసు నిర్ణయించింది.

ఆ పని మీద సిస్టమ్స్ ఇంజనీరు శిరీష గారు వచ్చారు. అరచేతిలో పట్టే కంప్యూటర్ పెట్టె ఒకటి తెచ్చి మా కంట్రోల్ ప్యానెల్‌కూ సైరన్‌కూ కలిపారు. మా ఇంటర్నెట్ లైనులో లోపలి నుంచి బయటికి వెళ్లడమే గానీ, బయటివాళ్లు లోపలికి రావడం కుదరదు. అందుకని ఆ పెట్టే ఎస్.ఎస్.హెచ్. అనే భద్రమైన దారిలో గుంటూరు సర్వరును కలుసుకుని, అక్కడ ఒక తలుపు తెరిచి పెడుతుంది. ఆ తలుపుకు ఒక నంబరు ఉంటుంది. దాన్ని పోర్టు అంటారు. గుంటూరులో ఆ నంబరు తట్టినవాళ్లు నేరుగా మా ప్యానెల్ దగ్గర తేలతారు. దీని పేరు రిమోట్ పోర్ట్ ఫార్వర్డింగ్. లైను తెగితే ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ కలిపే టూల్ ఒకటి పెట్టెలో నడుస్తూనే ఉంటుంది.

“ఇంక దీని సంగతి మీరు మర్చిపోవచ్చు సార్,” అన్నారావిడ. తర్వాత పర్చూరులోనూ అలాంటి పెట్టె బిగించి గుంటూరు వెళ్లిపోయారు.

ఆ మర్నాడు భోజనాలకు కాస్త ముందు మా సైరన్ కూసింది.

అమ్మోనియా లీకయితే ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, గాలి వచ్చే వైపుకు వెళ్లిపోవాలి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దింపుతున్న హమాలీలు ఎక్కడివక్కడ వదిలేసి బయటపడ్డారు. ఒక రైతు మాత్రం తన టిక్కీని భుజాన వేసుకునే పరిగెత్తాడు. నేను మాస్కు తగిలించుకుని కంప్రెసర్ గదిలోకి వెళ్లాను. గ్యాస్ మీటరు సున్నా చూపించింది. జాయింట్లన్నీ బాగానే ఉన్నాయి. ఇంతలో సైరన్ దానంతటదే ఆగింది.

అందర్నీ లోపలికి పిలిచాను. వాళ్లు బస్తాల మీద చెయ్యి వేశారో లేదో, మళ్లీ కూసింది. ఈసారి క్యారేజీలు కూడా పట్టుకుని వెళ్లారు. మళ్లీ మీటరు, మళ్లీ సున్నా. గుంటూరుకు ఫోన్ చేస్తే శిరీష గారి లైను బిజీ.

మూడోసారి కూసినప్పుడు ఎవరూ కదల్లేదు. హమాలీల మేస్త్రీ మస్తాన్ నీడలో కూర్చుని క్యారేజీ విప్పుతూ అడిగాడు.

“సార్, ఇంతకీ గ్యాస్ ఉందా లేదా? ఉంటే పరిగెత్తుతాం. లేకపోతే అన్నం తింటాం.”

నిజంగా లీకయినా ఇక వీళ్లు లేవరని నాకు అసలైన భయం అప్పుడు పట్టుకుంది. కొత్తగా వచ్చింది ఆ పెట్టె ఒక్కటే. సైరన్ ఆగగానే దాని ఇంటర్నెట్ వైరు పీకేశాను. ఆ తర్వాత చప్పుడు లేదు. కాసేపు చూసి, బుద్ధి వచ్చి ఉంటుందనుకుని మళ్లీ గుచ్చాను.

అప్పుడు గుంటూరు నుంచి ఫోన్ వచ్చింది. శిరీష గారి గొంతులో సంతోషం.

“పర్చూరు సైరన్ టెస్ట్ అయిపోయింది సార్. ఎంతసేపు మోగించినా ఆ మేనేజరు గారు ‘ఏమ్మా, గోడకు చెవి ఆనించి వింటున్నా, ఏం వినపడట్లా’ అంటారు. నేనేమో సరిగ్గా వినండి అంటాను. మూడుసార్లయ్యాక పెట్టె ఆపి వెయ్యమన్నాను. ఈసారి బ్రహ్మాండంగా మోగింది.”

“ఆ మూడూ మాకు వినపడ్డాయండి,” అన్నాను.

అటువైపు నుంచి కీబోర్డు చప్పుడు.

“అయ్యో. మీ సెట్టింగులే పర్చూరు పెట్టెలోకి కాపీ చేశాను సార్. పేరు మార్చాను. పోర్టు నంబరు మార్చలేదు.”

మా పెట్టె అప్పటికే ఆ తలుపు పట్టుకుని ఉంది. పర్చూరు పెట్టెకు తలుపు దొరకలేదు. అయినా లైను మాత్రం తెగలేదు గనుక టూల్‌కు అంతా సవ్యంగానే కనిపించింది. నేను వైరు పీకిన సమయంలో పర్చూరు పెట్టె ఆగి లేచి, ఖాళీ అయిన తలుపు తీసుకుంది. ఇప్పుడు బయట మిగిలింది మేము.

ఆవిడ ఆ రోజే రెండు చోట్లకూ వేర్వేరు నంబర్లు ఇచ్చారు. తలుపు దొరక్కపోతే లైను కూడా తెంచుకుని, ఆ సంగతి గుంటూరులో తెలిసేలా టూల్‌ను మార్చారు. ఏ మీట నొక్కే ముందైనా అవతలి పెట్టె తన ఊరి పేరు చెప్పాలన్న ఏర్పాటు కూడా చేశారు. మర్నాడు స్వయంగా వచ్చి హమాలీల ముందు నిలబడి జరిగింది చెప్పారు.

మస్తాన్ అంతా విని, “ఈసారి పర్చూరుకు కొట్టేటప్పుడు మాకో ఫోన్ కొట్టండమ్మా,” అన్నాడు.

కనెక్షన్ నిలబడి ఉందంటే పని జరుగుతోందని కాదు. అది ఎక్కడ తేలుతోందో విడిగా చూసుకోవాలి. పోర్టు నంబరు మార్చడం నిమిషాల పని. కానీ ఆ వేసవంతా, టెస్టు ఉన్న ప్రతిసారీ ముందుగా చెప్పి, చెప్పకుండా ఒక్కసారి కూడా కూయనివ్వకుండా చూస్తే గానీ, హమాలీలు మా సైరన్‌కు మళ్లీ లేచి నిలబడలేదు.