ఆ చేతులు నావి కావు

పక్కింటి ఖాలా పోయిందన్న వార్త నాకు పాన్‌గల్ బస్సులో తెలిసింది. బస్సు వనపర్తి దాటి పది నిమిషాలు కూడా కాలేదు. మా ఆయన ఫోన్ చేసి, "ఖాలా పోయిందే. మర్లి రా," అన్నాడు. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. "ఏంది మేడం, మీ స్టేజీ ఇంక రాలే గద," అన్నాడు కండక్టర్. రాలేదని నాకూ తెలుసు, కానీ కూర్చోలేకపోయాను. తరువాతి స్టేజీలో దిగి, రోడ్డుకు అవతలివైపు తిరుగు బస్సు కోసం అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. చేతిలో టిఫిన్ డబ్బా, అందులో గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు. వేడి రొట్టెల మీద నేరుగా మూత పెడితే చెమట పట్టి ముద్దయిపోతాయని, గుడ్డలో చుట్టి పెట్టమని చెప్పింది ఆమే.

ఆ పొద్దున ఎనిమిదింటికి వాళ్ళ తలుపు తోసి చూశాను. మూడు రోజుల జ్వరంతో మనిషి మంచానికి అతుక్కుపోయి ఉంది. ముందురోజే దవాఖానాకు తీసుకుపోయి తెచ్చారు. గద్వాల నుంచి వచ్చిన ఆమె బిడ్డ పక్కనే కూర్చుంది. "మందు ఏసుకొని పండింది అక్కా. నువ్వు పో, బస్సు పోతది," అంది. నేను వెళ్ళిపోయాను. బస్సు పోతుందనే మాట వింటే నేను ఎక్కడ ఉన్నా, ఏం చేస్తున్నా వదిలేసి పరుగెత్తుతాను. పదకొండేళ్ళుగా నా బతుకు అదే.

నేను పాన్‌గల్‌లో బడి టీచర్ని. బల్మూరు దగ్గరి మా ఊరు విడిచి వనపర్తిలో అద్దెకు దిగినప్పుడు, మాకు దొరికిన ఇంటికీ ఖాలా ఇంటికీ మధ్య ఒకటే గోడ. గోడకు అటు ఆమె వంటిల్లు, ఇటు నాది. ఒకప్పుడు పెళ్ళిళ్ళకూ దావత్‌లకూ వండిన మనిషి ఆమె. మోకాళ్ళు మొరాయించాక పెద్ద గిన్నెలు వదిలేసింది కానీ ముక్కు మాత్రం డ్యూటీ దిగలేదు. నా గిన్నె అడుగంటడం నాకంటే ముందు ఆమెకు తెలిసేది. పచ్చడి నూరే బండతో గోడ మీద రెండు దెబ్బలు కొట్టేది. పొయ్యి ఆపమని దాని అర్థం. నేను తల దువ్వుకుంటున్నా, చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటున్నా వంటింట్లోకి ఉరికేదాన్ని.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. బిడ్డ వద్దంది. "అమ్మీకి పేరు బయటపడుడు ఇష్టముండకపోయేది అక్కా. ఖాలా అనే రాయి," అంది. ఖాలా అంటే పిన్ని. మా వాడలో అందరికీ ఆమె ఖాలాయే.

మేము దిగిన మొదటి వారంలోనే ఆమె నా వంటింట్లోకి వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఆ రోజు నేను తొందరలో పప్పులో రెండుసార్లు ఉప్పు వేసి, నోట్లో పెట్టుకుని, బస్సు టైము చూసి, స్టవ్ ముందు నిలబడి ఏడుస్తున్నాను. ఖాలా వెనక తలుపులోంచి వచ్చి, ఏమీ అడగకుండా డబ్బాలు వెతికి, గోధుమపిండి తీసి, నిమ్మకాయంత ముద్ద కలిపి పప్పులో వేసింది. కాసేపు ఉడకనిచ్చి ముద్దను తీసి పారేసింది. తరువాత చెంచాడు పప్పు నా అరచేతిలో వేసింది. తినేలా అయింది.

"ఉప్పెక్కువైతె ఉపాయముంటది టీచరమ్మా. మాడితె మాఫీ లేదు. గది యాది పెట్టుకో," అంది.

ఆ తరువాత ఆమె చెప్పినవన్నీ ఒక వరసలో గుర్తు రావు. రోజూ వంట చేస్తుంటే ఏదో ఒకటి తలపుకొస్తుంది. వెల్లుల్లి రెబ్బలను కాసేపు గోరువెచ్చని నీళ్ళలో వేస్తే పొట్టు దానంతటదే జారుతుంది. పచ్చిమిరపకాయలు కోసే ముందు వేళ్ళకు నూనె రాసుకుంటే చేతులు మండవు. వేయించిన పల్లీలను పాతగుడ్డలో మూటగట్టి నలిపితే గోళ్ళు అరగకుండా పొట్టు పోతుంది. పాలగిన్నె అంచుకు లోపలివైపు నెయ్యి రాస్తే పాలు పొంగి పొర్లవు. పిండి పాతదై రొట్టె విరుగుతుంటే, నీళ్ళు కళపెళ మసిలాక పిండి వేసి, మూతపెట్టి, చెయ్యి పట్టేంత వేడిలో పిసకాలి. రొట్టెల సీమలో పుట్టి పెరిగిన నాకు రొట్టె సంగతి వేరేవాళ్ళు చెప్పాల్సి రావడం సిగ్గే. కానీ మా అమ్మ చెప్పేటప్పుడు నేను ఎక్కడ నిలబడి విన్నాను గనక? అప్పుడూ ఏదో ఒక బస్సు ఉండేది.

"నువ్వు కూర వండుతలేవే," అనేది ఖాలా, స్టవ్ దగ్గర నా పరుగు చూసి. "తొందర వండుతున్నవ్. కాళ్ళు గాదు, చేతులు ఆడియ్యాలె."

నా పరుగు గురించి ఇంత ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసిన తప్పు కూడా ఆ పరుగులోనే చేశాను. దాన్ని ఎక్కడో ఒక చోట రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

కొన్నేళ్ళ కిందట అందరితో పాటు నేనూ ఫోన్‌లో ఒక ఛానల్ మొదలుపెట్టాను. వంటింటి చిట్కాలు, ఒక్కోటి ఒక నిమిషం. చిట్కాలన్నీ ఖాలావే. ముఖం వద్దంటే వద్దంది. జీవితంలో ఫోటో దిగడం ఇష్టం లేని మనిషి. "చేతులైతె తీస్కో. చేతులకేం సిగ్గు," అంది. నేను ఫోన్ పట్టుకుంటే ఆమె చేసి చూపించేది. చేస్తున్నంతసేపూ మాట్లాడేది. సగం ఉర్దూ, సగం తెలుగు. మధ్యలో నన్ను తిట్టడం, వాకిట్లోకి వచ్చిన మేకను అదిలించడం, మళ్ళీ పిండి దగ్గరికి రావడం. అంత గందరగోళం ఎవరు వింటారని నేను ఆమె గొంతు తీసేసి, "హాయ్ అండీ" అంటూ నా గొంతు పెట్టాను. ఫోన్‌లో జాగా చాలక అసలు వీడియోలు ఎప్పటికప్పుడు చెరిపేశాను.

జనం చూశారు. "అక్కా, మీ చేతులకు దండం" అని కింద రాశారు. ఈ చేతులు నావి కావని ఒక్క మాట రాయడానికి అర నిమిషం చాలు. నేను నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. నాగర్‌కర్నూల్ నుంచి మా వదిన ఫోన్ చేసి, "నీ చెయ్యి గంత ముడతలెప్పుడు పడ్డదే?" అంటే, "పొయ్యి దగ్గర ఉండీ ఉండీ వదినా," అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఒకసారి గద్వాలలో బిడ్డ దగ్గరికి పోయినప్పుడు మనవరాలు ఖాలాకు ఆ వీడియోలు చూపించింది. తిరిగివచ్చిన రోజే నా గడపలో నిలబడింది.

"నా చేతులు జూసిన. మంచిగ పడ్డయి," అంది. "గొంతు నీది బెట్టినవేందే?"

"నీ మాట వాళ్ళకు అర్థం కాదు ఖాలా."

"పదేండ్ల సంది నీకెట్ల అర్థమైతుంది మరి?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. లోపలికి వచ్చి, ఎప్పటిలాగే కూర గిన్నె మూత తీసి వాసన చూసింది.

వారం తరువాత ఒక కొత్త చిట్కా చెప్పింది. తోడు లేకుండా పెరుగు చేసేది. "గోరువెచ్చని పాలల్ల పచ్చిమిరపకాయ ఏసి మూత పెట్టి ఇడ్సిపెట్టు. గడ్డ పెరుగైతది. ఈసారి నా చేతులొద్దు, నీ చేతులే తీస్కో," అంది. నేను మిరపకాయ కడిగి, చూడ్డానికి ముద్దుగా ఉంటుందని తొడిమె తీసేసి, పాలలో వేసి వీడియో తీశాను. పెరుగు అయిందో లేదో చూసే ఓపిక ఎక్కడిది? ఫ్రిజ్‌లోంచి వేరే పెరుగు తీసి చివరన చూపించి, బస్సెక్కేలోపు పెట్టేశాను. సాయంత్రం వచ్చేసరికి నా గిన్నెలో పాలు పాలుగానే ఉన్నాయి. మర్నాటికి విరిగి కంపు కొట్టాయి. నా మాట నమ్మి పాలు పాడుచేసుకున్న వాళ్ళందరూ కింద తిట్లు రాశారు.

ఖాలా మా వంటింటి గడప మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "తొడిమె దీస్తె ఎట్లయితది? పెరుగు చేసేది గా తొడిమెనే."

"మరి చెప్పలేదు కదా?"

"నువ్వడగలే. పాలు పెరుగైనయా లేదా గూడ సూడలే. గిప్పుడు జెప్పు, అది నీ చిట్కానా, నాదా?"

కావాలనే దాచిందని నా నమ్మకం. నేనూ నవ్వాను. నవ్వి తప్పించుకున్నాను. ఈ చేతులు ఖాలావని చెప్పే వీడియో ఒకటి చెయ్యాలని ఆ రోజే అనుకున్నాను. దసరా సెలవుల్లో అనుకున్నాను. తరువాత పరీక్షలు కానీ అనుకున్నాను. తరువాత ఎండాకాలం సెలవులు అనుకున్నాను. అన్నిటికీ పరుగెత్తే మనిషిని, ఆ ఒక్క పని దగ్గర మాత్రం కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

ఖాలా పోయిన ఆ మధ్యాహ్నమే ఆమెను ఖననానికి తీసుకుపోయారు. ఆడవాళ్ళం గుమ్మం దాకా పోయి ఆగిపోయాం. మా వాడలో ఎవరింట్లో చావు జరిగినా ఆ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు, పక్కిళ్ళవాళ్ళే వండి పెడతారు. మొదటి పూట నేను పెడతానన్నాను. ఇంటికి వచ్చి పప్పు ఎక్కించి, రొట్టెలకు ఎసరు పెట్టి, ఒక చోట నిలబడలేక ముందుగదిలోకీ వెనకగదిలోకీ తిరుగుతున్నాను. వాసన ముక్కుకు తగిలేసరికి పప్పు అడుగు నల్లగా పట్టేసింది. గోడ మోగలేదు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే, గరిటె అడుగుకు తగలనీయకుండా పైపప్పును వేరే గిన్నెలోకి వంపాను. అదీ ఆమె చెప్పిందే. అయినా మాడు వాసన పూర్తిగా పోలేదు. ఆ ఇంట్లో అందరూ కిమ్మనకుండా తిన్నారు.

ఇప్పుడు ప్రతి వీడియో కిందా రాశాను, ఈ చేతులు మా పక్కింటి ఖాలావి, చిట్కాలూ ఆమెవే అని. "మీది పెద్ద మనసు అక్కా" అని కొందరు మెచ్చుకున్నారు. ఆ మెప్పు చూస్తే ఇంకా చిరాకు. ఆమె ఉన్నప్పుడు చెప్పని మాటకు మెప్పు ఏమిటి?

ఖాలా పోయిన మూడో రోజు ఆమె బిడ్డ మా ఇంటికి వచ్చింది. చాప మీద కూర్చుని చాలాసేపు కొంగు అంచు మడతపెట్టింది, విప్పింది. నేను చాయ్ పెట్టబోతే వద్దంది.

"అమ్మీది ఆధార్ కార్డుల ఫోటో తప్ప ఇంకోటి లేదక్కా," అంది చివరికి. "అందుల అమ్మీ గుర్తుపట్టేటట్టు గూడ లేదు. నీ ఫోన్ల చేతులున్నయి గద. జర చూపియ్యవా?"

నేను ఫోన్ ఇచ్చాను. జొన్నరొట్టె వీడియో తెరిచింది. "హాయ్ అండీ, ఈరోజు మనం..." అని నా గొంతు మొదలైంది. ఆమె అది అయిపోయేదాకా చూసి, ఇంకోటి తెరిచింది. మళ్ళీ నా గొంతే.

"అమ్మీ మాట్లాడిందేది అక్కా?"

"తీసేశాను," అన్నాను.

"అసలుది లేదా? యాడన్నగాని?"

"లేదు. చెరిపేశాను."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఖాలా బిడ్డే కదా, ఒక్క మాట అనాల్సింది. సౌండ్ మొత్తం తీసేసి, రొట్టె వీడియోను మళ్ళీ మొదటి నుంచి పెట్టి, నన్ను పక్కన కూర్చోమని చాప మీద చెయ్యి వేసి చూపించింది. కూర్చున్నాను.

"గిక్కడ ఏమన్నది?" అని అడిగింది, తెర మీద వేలు పెట్టి.

"నీళ్ళు మసలనీ, అప్పుడే పిండెయ్యకు అన్నది," అన్నాను. అది గుర్తుంది.

"గిక్కడ?"

"మేకను అదిలించింది."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. వీడియో ఇంకొంచెం నడిచింది. పిండిముద్ద రెండు అరచేతుల మధ్యకు వచ్చింది. చేతులు ఒక్క క్షణం ఆగాయి, కుడిచెయ్యి కొంచెం పైకి లేచి నా వైపు, అంటే ఫోన్ పట్టుకున్న నా వైపు, ఏదో చెబుతున్నట్టు కదిలింది. ఏదో పెద్ద మాటే చెప్పి ఉంటుంది. ఊరికే చెయ్యి ఎత్తే మనిషి కాదు.

"మరి గిక్కడ అక్కా? గిప్పుడేమన్నది?"

నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ఆమెకు మూరెడు దూరంలో ఉన్నాను. ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు.

ఆమె వీడియోను వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అడిగింది. చేతులు ఆగాయి, కుడిచెయ్యి లేచింది, చప్పుడు లేకుండా ఏదో చెప్పి, మళ్ళీ రొట్టె మీదికి దిగింది.